ఇజీనారం పోటీకెల్లిన ఎర్రకోళ్లు

నిన్న నాను ఇజీనారం ఎల్లి కోళ్ల పోటీలో ప్రైజు కొట్టుకొచ్చినాను. పరువు మాత్రం సగం దార్లోనే పోనాది. టీ తాగుతా ఇనండి, సెప్తాను.

మాంసానికని నాను పెంచుతున్న తెల్ల ఇంగ్లీషు కోళ్లు మీకు తెలుసు గదా. ఆ మద్దెన పడిన వానలకి పిల్లలు నీళ్ల ఇరోసనాలతో తలకాయలు ఏలాడేసినాయి. టౌనోళ్లు మేతలో ఆంటీబయాటిక్ పొడి కలుపుతారంట. ఆమదాలవలస ఎల్లి అడిగితే స్టాకు లేదన్నారు. ఎప్పుడొస్తాదంటే తెల్దన్నారు. దిగాలుగ ఇంటికొచ్చినాను.

మా ఆడది సూరమ్మ అన్నాది: "మావా, మన ఇంట్లో పిల్లగుంటలకి కడుపు బాగోపోతే ఏటి పెడతాం? ఎల్లుల్లి, వాము. అయ్యే ఈటికీ పెట్టి సూద్దుం."

ఎల్లుల్లి, వాము, పసుపు దంచి తవుడులో కలిపినాం. మా బావ అప్పల్నాయుడు గుమ్మంలో నిలబడి, "ఏట్రా, కోళ్లని కొయ్యకుండానే మసాలా పట్టించేస్తన్నావేటి?" అన్నాడు. ఊరంతా నవ్వినాది.

నాను మాత్రం పొద్దున్న లేస్తే కోళ్ల పాకలోకెల్లి నేల సూసుకోడమే పని. మెల్లమెల్లగ రెట్ట గట్టిపడినాది. పిల్లలు మేత కోసం ఒకదాన్నొకటి తోసుకోడం మొదలెట్టినాయి. అప్పటికి నా గుండె కుదుటపడినాది. కొన్ని అప్పటికే పోనాయి, అబద్దమెందుకు. మిగిలినవి మాత్రం నిలబడి బరువెక్కినాయి.

ఇంక ఆగుతానా? మంచి జత ఏరి, గంపలో పెట్టి, పోటీకి రైలెక్కినాను. పోటీలో కోళ్లని సూసే పశువుల డాక్టరుగారికి సూపించాలని ఆ ఎల్లుల్లి పసుపు మందు డబ్బా కూడా అదే గంపలో పెట్టినాను. నా తెలివి అలగుంటాది. రైలు కుదుపులకి మూత ఊడిపోనాది. స్టేషన్లో గంప తీస్తే రెండు కోళ్లూ పసుపు కొమ్ముల్లాగున్నాయి. దులిపితే ఆ పసుపు నా మీదా పడినాది.

స్టేషను బయట బట్టల సబ్బు కొని, కుళాయి కాడ కోళ్లకి రుద్దీసి, అదే సేత్తో నానూ మొకం రుద్దుకున్నాను. పసుపుకి సబ్బు తగిల్తే ఏటవుతాదో ఆడోళ్లకి తెలుసు, నాకు తెలీలేదు. తెల్లకోళ్లు పారాణి రంగుకొచ్చీసినాయి. కడుగుదామంటే కుళాయిలో నీళ్లు ఆగిపోనాయి.

పోటీ కాడ డాక్టరుగారు నన్నోసారి, కోళ్లనోసారి సూసినారు. "ఇదేం జాతండీ?" అన్నారు.

"తెల్ల జాతే బాబూ," అన్నాను.

సుట్టూ ఉన్నోళ్లు పగలబడినారు. ఆయన మాత్రం కోడినెత్తి రొమ్ము నొక్కి సూసినారు, కళ్లు సూసినారు, ముక్కు దగ్గిరెట్టుకున్నారు. "వెల్లుల్లి వాసనొస్తోంది. ఏం పెట్టారు?"

మొదట్నించీ సెప్పీసినాను.

"అన్ని రోగాలకీ ఇదే మందనుకోకండి. కానీ కోళ్లు మాత్రం బ్రహ్మాండంగా ఉన్నాయి. రంగు సంగతి నేనడగను," అని ఫస్టు ప్రైజు కప్పు నా సేతిలో పెట్టినారు.

పైగా మైకు కాడ నిలబెట్టి, ఎలగ పెంచినానో సెప్పమన్నారు. నా జన్మలో మైకు ముందు నిలబడ్డం అదే మొదులు. సెప్తన్నంతసేపూ జనం నా మొకమే సూస్తా నవ్వుతా తలూపినారు. నా సాతీ ఇంతెత్తున పొంగినాది. తిరుగు రైల్లో కూడా అందరి సూపూ నా మీదే. ఒక ముసలమ్మ జరిగి, "కూకో నాయినా" అని సోటిచ్చినాది. నా పేరు అప్పుడే రైలు దాకా పాకీసినాదనుకున్నాను.

ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడి కప్పు పైకెత్తినాను. సూరమ్మ కప్పుని సూళ్లేదు. నోట్లో కొంగు కుక్కుకుని, గోడకున్న అద్దం తీసి సేతికిచ్చినాది. బుగ్గలు, మీసం, గెడ్డం, అన్నీ ఎర్రగ పారాణే.

"రెండో పెళ్లి సేసుకొచ్చినావేటి, మావా?" అన్నాది.

ఆ కప్పులోనే నీళ్లు పోసుకుని మొకం కడుక్కున్నాను.