ఫ్యాన్ ఆపి విన్న రికార్డు

నిన్న అట్టపెట్టెలోంచి నాయన దాచుకున్న వయొలిన్ కచేరీ రికార్డు తీశాను. కర్పూరమూ పాత కాగితమూ కలిసిన ఆ వాసన మన ఈడు వాళ్లకి గుర్తుండే ఉంటుంది.

మా చిన్నప్పటి పురసవాక్కం ఇంట్లో స్పీకర్లు గోడకు జానెడు దూరంలో ఉండేవి. వాటిని ఎవరూ కదపకూడదు. ఆదివారం మధ్యాహ్నం ఈ రికార్డు పెట్టి, నాయన ఫ్యాన్ ఆపించేవాడు.

"రికార్డింగంటే ఇదిరా. నడిమధ్యలో వయొలిన్ వాయించే ఆయన ఊపిరి తీసుకునేది కూడా వినపడాల. వినపడిందా?"

చెమటలు కారిపోతుంటే అక్కా నేనూ వినపడకముందే తలలూపేవాళ్లం. వెంటనే ఫ్యాన్ తిరిగేది. నాయన మురిసిపోయేవాడు.

నిన్న రికార్డు పెట్టగానే నా చెయ్యి దానంతటదే ఫ్యాన్ స్విచ్ మీదికి పోయింది. ఆ ఊపిరి మొదటిసారి నిజంగా విన్నాను. అమ్మకు చెప్పాను, మేం ఆడిన అబద్ధంతో సహా.

"మీ నాయనకి మాత్రం యాడ వినపడిందిరా? వ్యాసర్పాడి రైలు యార్డులో పనిచేసి చేసి, ఆ మోతకి సన్న శబ్దాలు ఆ చెవులకెక్కేవి కావు. రికార్డు అమ్మిన కొట్టాయన చెప్పినాడంట, ఊపిరి వినపడతాదని. పిల్లోళ్లు విన్నారు గదా, చాలనేవాడు."

రికార్డు మళ్లీ మొదటినుంచి పెట్టాను. అమ్మ వచ్చి పక్కన కూర్చుంది. ఫ్యాన్ వేయమని ఇద్దరం అనలేదు.