ఈ ప్రేమకథ నీది కాదన్నారు

నేను ప్రేమ నవలలు రాస్తానని తెలిస్తే చాలామంది ముందు నవ్వుతారు, ఆ తర్వాతే మాట్లాడతారు. రాజమండ్రిలో గుమాస్తాగా పనిచేసే రోజుల్లో, మధ్యాహ్నం క్యారేజీ కడిగేశాక మిగిలిన అరగంటలో మొదటి నవల రాశాను. అది వారపత్రికలో సీరియల్‌గా వచ్చింది. "ఈ వయసులో ఇవేం ఆలోచనలమ్మా?" అన్నారు మా ఆఫీసరు గారు. ఆయన భార్య మాత్రం ప్రతివారం ఫోన్ చేసి, కథలో వాళ్లిద్దరూ కలుస్తారో లేదో ముందే చెప్పెయ్యమని బతిమాలేవారు.

రిటైరయ్యాక, ఒక లైబ్రరీ మేడమీద గదిలో ఆదివారాలు నవల రాయడం నేర్పడం మొదలుపెట్టాను. ఏడెనిమిది మంది వచ్చేవారు. వాళ్లలో ఒకావిడ కడియం నర్సరీలో మొక్కలకి అంటు కట్టే పని చేసేది. చదువు పదో తరగతితో ఆగిపోయింది. భర్త పోయాడు. బస్సులో వస్తూ నోట్‌బుక్కులో రాసుకునేది.

ఆవిడ రాస్తున్నది నర్సరీలో పనిచేసే ఒకామె కథ, మొక్కల లారీ నడిపే ఒకతని కథ. అతను ప్రేమ అన్న మాటే ఎత్తడు. ఎంత దూరం వెళ్లినా, ఆమె అంటు కట్టిన మొక్కలు క్షేమంగా చేరాయని ఫోటో తీసి పంపుతాడు. అంతే.

నేనేమన్నానో చెప్పుకోవాలి. "హీరోయిన్‌ని టీచరుగా మార్చమ్మా, చదివేవాళ్లకి నచ్చుతుంది" అన్నాను.

"టీచరు గారికి అంటు కట్టడం రాదు కదండీ" అందావిడ.

సిగ్గేసి, ఆ సలహా వెనక్కి తీసుకున్నాను. ఆ తర్వాత నేను నేర్పింది కొంచెమే. సన్నివేశం ఎక్కడ ఆపాలి, మనసులోది మాటల్లో ఎంతవరకు చెప్పించాలి, అంతే. ముగింపు నాలుగుసార్లు తిరగరాసింది.

ఊళ్లో ఒక సాహిత్య సంస్థ నవలల పోటీ పెడితే పంపించాం. చివరి అయిదింటిలో నిలిచింది. బహుమతి ప్రకటించే రోజు ఇద్దరం వెళ్లాం. న్యాయనిర్ణేత, ఒక రిటైర్డ్ లెక్చరర్ గారు, నన్ను పక్కకి పిలిచారు.

"కథ బాగుందండి. కానీ ఇందులో మీ చెయ్యి కనిపిస్తోంది. కూలికెళ్లే మనిషికి ఇంత సున్నితత్వం ఎక్కడినుంచి వస్తుందండీ? అందుకే జాబితాలోంచి తీసేశాం."

నాకు ఒళ్లు మండిపోయింది. "ఆ మాట ఆవిడనే అడగండి" అని, వరండాలో నిలబడ్డ ఆవిడని పిలిచాను.

విషయం విని ఆవిడ ఏడవలేదు, అరవలేదు. "ఏ వాక్యం నాది కాదనుకుంటున్నారండి?" అని అడిగింది.

ఆయన కాగితం తిప్పి ఒకచోట వేలు పెట్టారు. కట్టు బిగిస్తే లేతకొమ్మ కోసుకుపోతుందనీ, వదులుగా కడితే అతుక్కోదనీ, అతనితో మాట్లాడేటప్పుడు ఆమెకి అదే భయమనీ రాసిన వాక్యం అది.

"ఇది నేను రోజూ చేసే పనేనండి. మీరెప్పుడైనా కట్టారా?"

ఆయన వేలు తీసేసి కాగితం మడిచారు. తర్వాత, "సరేనమ్మా, నువ్వే రాశావనుకుందాం. అయినా ఇది ప్రేమకథేగా. సాహిత్యం వేరు" అన్నారు.

మొదట ఆవిడ అంత బాగా రాయలేదన్నారు. రాసిందని తేలాక, రాసింది పనికిరానిదన్నారు. ఇన్నేళ్లలో నన్ను చాలామంది చులకన చేశారు, సర్దుకున్నాను. ఆవిడ కళ్లెదుట అన్న ఆ మాటని మాత్రం క్షమించలేకపోయాను. "మీరు తీర్పు చెప్పడానికి తగరండి" అని అందరికీ వినపడేలా చెప్పి బయటికొచ్చేశాను. బహుమతి రాలేదు.

ఆటోలో నేనింకా ఆయన్ని తిడుతూ ఉంటే, ఆవిడే నా చెయ్యి పట్టుకుని, "నా నవల ఇంకెక్కడైనా వేస్తారా మేడం?" అంది.

ఫోన్లో కథలు చదివే యాప్‌లో భాగాలుగా పెట్టాం. నర్సరీలో భోజనాల దగ్గర ఒకామె పైకి చదివితే మిగతావాళ్లు వినేవారట. ఎవరో లారీ డ్రైవరు, తన పెళ్లానికి చదివి వినిపించానని కింద కామెంటులో రాశాడు. ఆవిడ ఇప్పుడు రెండో నవల రాస్తోంది.

మొన్న అదే సంస్థ నుంచి ఫోన్ వచ్చింది, కొత్త రచయితలకి మెళకువలు చెప్పడానికి రమ్మని. "నేర్పడానికి ఆవిడని పిలవండి. నేను ముందు వరసలో కూర్చుని వింటాను" అన్నాను. కనుక్కుని చెబుతామన్నారు. ఇంకా చెప్పలేదు.