గాజు సీసాలను కాచిన పత్తికట్టె

రొంపిచెర్ల చేలల్లో పత్తితీతలు అయిపోయాక మిగిలిన కట్టెను అందరూ తగలబెట్టేవాళ్లే. ప్రిస్కిల్లా కూడా అంతే. కౌలు చేను త్వరగా ఖాళీ చెయ్యాలంటే అంతకంటే తేలిక దారి ఆమెకు తెలియదు. ఆ ఏడు మాత్రం గాలి తిరిగింది. ఆమె పెట్టిన మంట గట్టు దాటి, పక్క చేలో మస్తాన్‌రావు గడ్డివామికి అంటుకుంది. జనం బిందెలతో పరుగెత్తుకొచ్చినా సగం వామి బూడిదైంది.

"పోనీలే అమ్మాయ్, గొడ్లు పక్కన లేవు," అన్నాడు మస్తాన్‌రావు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు.

"ఇంక చేలో అగ్గిపుల్ల గియ్యను," అని ఇంటికొచ్చి భర్త కాలేబుతో చెప్పింది. అతనికి నరసరావుపేటలో వెల్డింగ్ షాపు ఉంది.

"మరి కట్టెనేం చేస్తావే? నెత్తిన పెట్టుకుంటావా?"

ఆ వారంలోనే మిరపకాయలు కొనడానికి వినుకొండ నుంచి ఫర్హీన్ వచ్చింది. ఆమెది పచ్చళ్ల వ్యాపారం. హైదరాబాదుకు పంపే గాజు సీసాలు పార్సిల్లో పగులుతున్నాయనీ, థర్మోకోల్ పెడితే ఆ చెత్త ఎక్కడ పడెయ్యాలని కొన్నవాళ్లు విసుక్కుంటున్నారనీ వాపోయింది. ప్రిస్కిల్లాకు కోడిగుడ్ల అట్ట ట్రేలు గుర్తొచ్చాయి. పత్తికట్టెతో అట్ట ఎందుకు రాదు?

ఫోన్లో వీడియోలు చూసి, కట్టెను నలగ్గొట్టి, పిడుగురాళ్ల సున్నం కలిపిన నీళ్లలో ఉడికించింది. ఆ గుజ్జును కడిగి, రుబ్బి, కాలేబు చేసిచ్చిన ఇనుప అచ్చులో నొక్కి ఎండబెట్టింది. చేత్తో పట్టుకోగానే పొడిపొడిగా రాలింది.

"దీనికంటే పిడకలు నయం గదే!" అని నవ్వాడు కాలేబు. నవ్వుతూనే అచ్చు లోతు సరిచేశాడు.

ఈసారి కట్టెతోపాటు వరిగడ్డి ఉడికించింది. గడ్డిపీచు గుజ్జును పట్టి ఉంచింది. అంతలో ముసురు పట్టింది. ఆరని ట్రేలకు బూజొస్తే కుప్పగా పారబోసి ఏడ్చింది. ఎండ రాగానే మళ్లీ పొయ్యి వెలిగించింది.

గట్టి ట్రేలు చేతికొచ్చిన రోజు వినుకొండ బస్సెక్కింది. ఫర్హీన్ రెండు ట్రేల మధ్య ఆవకాయ సీసా పెట్టి అట్టపెట్టెకు టేపు వేసింది.

"పార్సిలోళ్లు మెల్లగా దించరక్కా," అంది అనుమానంగా.

"మెల్లగా ఎందుకూ? మేడ మీంచి వేద్దాం పద!"

ఫర్హీన్ కళ్లు మూసుకుంది. ప్రిస్కిల్లా పిట్టగోడ మీంచి పెట్టెను వదిలేసింది. దబ్బున పడింది. ఇద్దరూ మెట్లు దిగి పరుగెత్తారు. ట్రే ఓ మూల నలిగింది గానీ సీసాకు గీత పడలేదు, చుక్క నూనె కారలేదు. నమ్మలేక ఫర్హీన్ ఇంకో పెట్టె కట్టి తనే పైనుంచి విసిరింది. అదీ పగల్లేదు.

"అక్కా, ఇంక థర్మోకోల్ మొహం చూడను! ఎన్ని చేస్తే అన్నీ నాకే," అని ప్రిస్కిల్లాను వాటేసుకుంది.

తరువాతి పంటకు రొంపిచెర్ల రైతులు కట్టెను ట్రాక్టర్లలో తెచ్చి ప్రిస్కిల్లా రేకుల షెడ్డు ముందు దించసాగారు. కాలేబు కొత్త అచ్చు అడుగున ఊరి పేరు చెక్కాడు. మొదటి ట్రే మీద అక్షరాలు తిరగబడి వచ్చాయి. షెడ్డులో పనికి కుదిరిన ఆడవాళ్లంతా పడీపడీ నవ్వారు. మర్నాటికల్లా సరిచేసి తెచ్చాడు. ఆరిన ట్రే మీద ఉబ్బెత్తుగా లేచిన 'రొంపిచెర్ల'ను ప్రిస్కిల్లా వేలితో తడిమింది.

"ఏమయ్యా, మన ఊరు హైదరాబాదు పోద్దయ్యా!" అంది, షెడ్డంతా వినబడేటట్టు.