వెర్లీ వదిన కడిగేసిన తుఫాను

తుఫాను వెళ్ళిన మర్నాడు టెక్సస్‌లోని మా బ్రిడ్జ్ సిటీలో అందరూ తలలు పట్టుకుని కూర్చుంటే మా వెర్లీ వదిన బకెట్టు పట్టుకుంది. ఆవిడ మా ఆయన అక్క, మాది పక్కిల్లు. రిఫైనరీ క్యాంటీన్‌లో వండి వండి కట్టుకున్న ఇల్లు ఆవిడది. భర్త ఆల్సీడ్ పోయాక ఆవిడకు మిగిలింది అదొక్కటే. ఇక శుభ్రమంటారా, ప్లంబరు వస్తున్నాడంటే ముందు తనే పైపు కడిగిపెట్టే మనిషి!

గాలికి కప్పు పలకలు లేచిపోయాయి. నీళ్ళు అటక మీదికి, అక్కణ్ణించి గదుల్లోకి దిగాయి. ఇన్సూరెన్స్ కంపెనీ మనిషి చూడ్డానికి వస్తున్నాడని కబురొచ్చింది. ఇంకేముంది! తడిసిన కార్పెట్ వీధిలోకీ, చెత్త లారీలోకీ వెళ్ళిపోయింది. గోడలకు బ్లీచింగ్, సీలింగ్ మీది మరకలకు తెల్ల రంగు పడ్డాయి.

"వదినా, వాడొచ్చేది నష్టం చూడ్డానికి కదా! అంతా కడిగేస్తే ఏం చూస్తాడు?"

"నోర్ముయ్యవే ఒడీల్. ఆ బురదలోకి పరాయి మనిషిని రమ్మంటానా? మా అమ్మ చూస్తే చచ్చిపోతుంది."

"మీ అమ్మ పోయి చాలా కాలమైంది."

"అయితే మళ్ళీ చస్తుంది."

ఫ్రెంచి మూలాలున్న మా కేజన్ వాళ్ళందరికీ ఉన్న జబ్బే ఇది. గుమ్మంలోకి ఎవరొచ్చినా కాఫీ పోయాలి, రొయ్యలూ మాంసమూ వేసిన గంబో పులుసు పెట్టాలి, ఎలా ఉన్నారంటే బాగానే ఉన్నామనాలి. డాలస్ నుంచి వచ్చిన ఆ ఇన్సూరెన్స్ మనిషి, ప్రెంటిస్ అనే పెద్దాయన, రెండు గిన్నెల గంబో లాగించాడు.

"ఇబ్బందేమైనా ఉందా అమ్మా?" అన్నాడు.

"అబ్బే, ఏమంత లేదు బాబూ. మాకంటే కష్టపడ్డవాళ్ళున్నారు."

నా నెత్తి నేనే కొట్టుకున్నాను. ఆయన నిచ్చెనెక్కి ఓసారి తొంగిచూసి, ఓ మూల అతుకు వేస్తే చాలని రాసుకుని పోయాడు.

మొదటి వానకే వంటింటి సీలింగ్ బానకడుపులా కిందికి వేలాడింది. కప్పు మేస్త్రీ వచ్చి చూసి, అతుకులతో ఆగేది కాదు, కప్పంతా మార్చకపోతే ఈ శీతాకాలం ఇల్లు నిలబడదన్నాడు. అంత డబ్బు వదిన దగ్గరెక్కడిది? ఇల్లు వదిలేసి హ్యూస్టన్‌లో చెల్లెలి అపార్ట్‌మెంట్‌కు, దాని ఏడుపుగొట్టు పిల్లుల మధ్యకు పోవడమే గతి. నాకు ఒళ్ళు మండిపోయి క్లోవిస్ సవ్వా అనే అతన్ని పట్టుకొచ్చాను.

క్లోవిస్ పబ్లిక్ అడ్జస్టరు. కంపెనీ తరఫున కాకుండా ఇంటివాళ్ళ తరఫున నష్టం లెక్కగట్టి, కంపెనీతో వాదించే లైసెన్సు మనిషి. రాబట్టినదాంట్లో పదోవంతు తీసుకుంటాడు, ఏమీ రాకపోతే ఏమీ అడగడు.

"నా ఇంటి మీద నీకు వాటా ఏంట్రా?" అంది వదిన.

"ఇంటి మీద కాదు పెద్దమ్మా, వాదించే నా నోటికి కూలి."

కప్పంతా తిరిగి, అటకలో దూరి, మసిబొగ్గులా దిగొచ్చాడు.

"లేని నష్టం చూపించే దొంగల్ని చాలామందిని చూశాను పెద్దమ్మా. ఉన్న నష్టాన్ని దాచిన దొంగని నిన్నే చూడ్డం! కంపెనీవాణ్ణి మళ్ళీ పిలిపిస్తాను. ఈసారి కడగొద్దు, వండొద్దు, అబద్ధమాడొద్దు."

"నేనెప్పుడు అబద్ధమాడాన్రా?"

"ఏమంత లేదన్నావు చూడు, అదే."

ప్రెంటిస్ మళ్ళీ వచ్చాడు. "మొన్న ఇబ్బందేమీ లేదన్నారు కదమ్మా?" అన్నాడు మర్యాదగానే.

"లోపల చూద్దురుగాని. ఇక్కడో ముక్క కోస్తాను" అంటూ క్లోవిస్ వంటింట్లో గుమ్మం పక్కనే నిచ్చెన వేశాడు. వదిన వెళ్ళి నిచ్చెనకు అడ్డంగా నిలబడింది.

"పరాయి మనిషి ముందు నా సీలింగ్ చింపుతావా? కుదరదు."

"పెద్దమ్మా!"

"కుదరదంటే కుదరదు. నా బూజు నేను చూసుకుంటాను."

క్లోవిస్ నా వంక చూశాడు. నేనేం చెయ్యను, ఆవిడ మొండితనం మా వీధంతటికీ తెలుసు. ప్రెంటిస్ భుజాలెగరేసి, సంచీ సర్దుకుని గుమ్మం దాకా నడిచాడు. ఆయన చెయ్యి తలుపు గొళ్ళెం మీద పడేసరికి వదినకు హ్యూస్టన్ పిల్లులు కళ్ళముందు మెదిలాయేమో. పక్కనున్న గొడుగు లాక్కుని సీలింగ్‌లోకి ఒక్క పోటు పొడిచింది.

దభేలుమని పడింది! నల్లటి తడి పీచూ, కుళ్ళిన చెక్కా, నీళ్ళూ అన్నీ ఆవిడ తెల్ల జుట్టు మీద, ప్రెంటిస్ బూట్ల మీద. కంపు కొట్టి ముక్కు మూసుకున్నాను. పైన కన్నంలోంచి ఆకాశం కనబడుతోంది.

ప్రెంటిస్ బూట్లు దులుపుకోలేదు. "దీని కింద ఎలా ఉంటున్నారమ్మా?" అన్నాడు.

ఇంకేముంది, బాగానే ఉన్నానంటుందని నేను కళ్ళు మూసుకున్నాను.

"భయంగా ఉంటోంది బాబూ. వాన మొదలైతే కుర్చీ గుమ్మంలో వేసుకుని కూర్చుంటాను, కూలితే బయటికి దూకుదామని. కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో."

పక్కింట్లో ఉన్నాను నేను. నాకే ఈ ముక్క చెప్పలేదు మహాతల్లి. కోపమొచ్చింది, దాంతోపాటు ఏడుపూ వచ్చింది.

ప్రెంటిస్ క్లోవిస్‌తో కలిసి అటకెక్కాడు. చాలాసేపటికి దిగి, కప్పు మొత్తం మార్చడానికి డబ్బు రాస్తానన్నాడు. క్లోవిస్ అక్కడికక్కడే ఆయనతో సంతకం పెట్టించుకున్నాడు.

వాళ్ళు వెళ్ళగానే నేను చెత్త ఎత్తబోయాను. వదిన నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనీవే. తర్వాత చూద్దాం" అంది.

జుట్టుకు మురికి అలాగే ఉంది. ఆ కంపులో, ఆ చెత్త మధ్యనే, సోఫా మీద వాలి, గురక పెట్టి నిద్రపోయింది.