సాక్ష్యానికి వచ్చిన అప్ప

గ్రేటర్ నోయిడాలో నేను పనిచేసిన ఫ్యాక్టరీ దీపావళికి ముందే మూతపడింది. మేము సీరియల్ లైట్లు చేసేవాళ్ళం. సన్నటి తీగకి బుల్లి బల్బులు అతికించి టంకం వేయడం నా పని. బయటి దేశం నుంచి మాకన్నా చవగ్గా లైట్లు దిగడంతో దుకాణాలవాళ్ళు మా సరుకు తీసుకోవడం మానేశారు. ఒక సోమవారం వెళ్ళేసరికి గేటుకి తాళం ఉంది.

ఫ్యాక్టరీకి కూలీలని కుదిర్చే ఠేకేదారుకి చెప్పి నన్ను ఆ పనిలో పెట్టింది మా పక్క వీధిలో ఉండే అప్ప. మా వైపు అక్కని అప్ప అంటాం. ఆమెదీ పార్వతీపురం దగ్గరే. భర్త పోయాడు, ఇద్దరు ఆడపిల్లలు. మొదటిరోజు నేను వేలు కాల్చుకుంటే, సూపర్‌వైజరు చూడకుండా బల్ల కింద నా చెయ్యి పట్టుకుని టూత్‌పేస్టు రాసింది. ఆమె పర్మినెంటు మనిషి, నేను ఠేకేదారు తెచ్చిన మనిషిని. ఒకే బల్ల, ఒకే పని. కానీ ఫ్యాక్టరీ రిజిస్టరులో నా పేరు లేదు. పని ఉన్నంతకాలం ఆ సంగతి నాకు పట్టలేదు.

విదేశీ సరుకు వల్ల పని పోయినవాళ్ళకి ప్రభుత్వం కొన్ని నెలలు భత్యం ఇస్తుందనీ, కొత్త పని నేర్పిస్తుందనీ కబురు వచ్చింది. రిజిస్టరులో పేరు లేనివాళ్ళు, పక్కన పనిచేసిన పర్మినెంటు మనిషిని వెంటబెట్టుకెళ్ళి చెప్పిస్తే చాలన్నారు. నాకు దిగులేముంది? నాకు అప్ప ఉంది.

లేబర్ ఆఫీసుకి ఇద్దరం ఒకే ఆటోలో వెళ్ళాం. దారంతా అప్ప కళ్ళు మూసుకుని కూర్చుంది. తలనొప్పేమో అనుకున్నాను.

ఆఫీసరు నన్ను చూసి రుజువేదని హిందీలో అడిగాడు. నా దగ్గర ఏముంది? రెండు చేతులూ బల్ల మీద చాపాను. వేళ్ళ చివర్లు కాలి, మొద్దుబారి, నల్లగా ఉన్నాయి.

"రొట్టెలు కాల్చినా ఇలాగే అవుతాయి, మా ఇంట్లో చూడు" అన్నాడు. చుట్టూ ఉన్న గుమాస్తాలు నవ్వారు.

అప్పని ముందుకి పిలిచి, నేను తెలుసా అని అడిగాడు. "ఇసే జాన్తీ హో?"

అప్ప నన్ను తలనుంచి కాళ్ళదాకా చూసింది. "నహీ సాబ్. కభీ నహీ దేఖా."

ఎప్పుడూ చూడలేదట. నాకు సరిగ్గా వినపడలేదేమో అనుకున్నాను. "అప్పా, అదేటి? నానే కదా! సెప్పప్పా" అన్నాను.

ఆమె నా వైపు తిరగలేదు. నేనేం మాట్లాడుతున్నానో తనకి అర్థం కావడం లేదని ఆఫీసరుతో హిందీలో చెప్పింది. తెలుగు రాని మనిషిలా నిలబడింది. ఆఫీసరు చేయి విదిలించి, తర్వాతివాళ్ళని రమ్మన్నాడు. నేను కదలకపోతే ఒక గుమాస్తా వచ్చి నా భుజం పట్టి పక్కకి తోశాడు.

ఆ సాయంత్రం ఆమె గదికి వెళ్ళాను. పిల్లలకి అన్నం పెడుతోంది. నన్ను కూర్చోమనలేదు.

"ఎందుకలా సేసినావు?"

"మేనేజరు పిలిసి సెప్పినాడు. ఠేకేదారు మనుసుల కోసం నోరు తెరిస్తే నా కాయితాల మీద సంతకం ఎట్టడంట. మీ పేర్లు రాయకుండా పని సేయించినారని బయట పడిపోద్ది కదా, ఆడి బయం ఆడిది."

"ముందే సెప్పొచ్చు కదప్పా. నాను వచ్చీదాన్నే కాదు."

"సెప్తే ఏడుస్తావు. నువ్వేడిస్తే తెలీదని సెప్పడానికి నాకు మనసొప్పదు. ఆ తర్వాత నా పిల్లలకి నువ్వెడతావా కూడు?" అని పెద్దపిల్ల కంచంలో చారు పోసింది. "నీకు మొగుడున్నాడు. ఇంకిటు రాకు. ఎవడైనా సూసి మేనేజరుకి సెప్తే నాకు ముప్పు."

పిల్లలిద్దరూ తినడం ఆపి నన్నే చూస్తున్నారు. వాళ్ళకి నేను తలలు దువ్వి, స్కూలు బస్సెక్కించిన రోజులున్నాయి. చిన్నది ఏదో అనబోతే అప్ప దాని నెత్తి మీద ఒకటి వేసింది. నేను బయటికి రాగానే గడియ పడింది.

మా ఆయన ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్లో వంటమనిషి. సంగతంతా విని, "మనోళ్ళు మనోళ్ళని ఎగబడ్డావు కదా, బాగా అయింది" అన్నాడు. నేను మయూర్ విహార్ ఫ్లాట్లలో ఇంటిపనికి కుదిరాను. పొద్దున్నే రెండు బస్సులు మారి వెళ్ళేదాన్ని.

అప్పకి భత్యం వచ్చింది. శిక్షణా ఇచ్చారు. ఆమెకి నేర్పిన కొత్త పని బల్బులకి టంకం వేయడం. కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన కుర్రాడు, పదేళ్ళుగా ఆ పని చేసినవాళ్ళని వరసలో కూర్చోబెట్టి, టంకం కడ్డీ ఎలా పట్టుకోవాలో చూపించాడట. శిక్షణ అయిపోయాక ఫొటో తీశారు. ఉద్యోగం మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఇవ్వడానికి ఆ పని చేయించే ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఒక్కటీ మిగలలేదు. ఇదంతా కూరగాయల బండి దగ్గర వేరే ఆడవాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాను. విన్నప్పుడల్లా నాకు హాయిగా ఉండేది. ఒకరోజు కావాలని ఇంకో ఆమెతో మళ్ళీ మొదటినుంచి చెప్పించుకున్నాను.

ఎండాకాలంలో అప్ప గది ఖాళీ అయింది. పిల్లల్ని తీసుకుని సూరత్ వైపు వెళ్ళిందని ఒకరు, కాదు లూధియానా అని ఇంకొకరు అన్నారు. నాకు ఫోను చేయలేదు. నేనూ చేయలేదు. ఇప్పుడా గదిలో కాలేజీ కుర్రాళ్ళు నలుగురుంటున్నారు. కిటికీకి రంగురంగుల లైట్లు కట్టుకున్నారు. పండగతో పనిలేకుండా రోజూ వెలిగిస్తారు.