పెద్దాయనకి ముందు చెప్పని లోగో

మా ఆఫీసు పార్సిప్పనీలో. ఆఫీసుల్లో వాడే కుర్చీలు, బల్లలు చేసే ఓ పాత జపాన్ కంపెనీకి అమెరికా శాఖ అది. "మీ కంపెనీ ఇంకా ఉందా?" అని కస్టమర్లు అడగడం మొదలెట్టాక, పేరు ఉంచి లోగో, రంగులు మార్చాలనుకున్నారు. ఆ డిజైన్ నా చేతికొచ్చింది. అంత పెద్ద పని నాకదే మొదటిది. జపాన్ వాళ్లు కాదంటే బయటి ఏజెన్సీకి ఇచ్చేస్తామని ముందే చెప్పారు.

మా డైరెక్టరు అమెరికన్. సర్‌ప్రైజులంటే పడి చస్తాడు. జపాన్ నుంచి వచ్చిన మేనేజర్లందర్నీ కూర్చోబెట్టి, లైట్లు ఆర్పి, తెర మీద నా లోగో వేశాడు. ఒక్కరూ పలకలేదు. వాళ్లందరిలోకీ పెద్దాయన, త్వరలో రిటైరవ్వబోతున్నాయన, బల్ల వైపే చూస్తూ కూర్చున్నాడు. బాగా ఆలోచిస్తున్నారని డైరెక్టరు సంబరపడ్డాడు. నాకు మాత్రం మా పెదనాన్న గుర్తొచ్చాడు. మా అక్క పెళ్లి కబురు బయటివాళ్ల నోట విన్న రోజు ఆయన మొహం అచ్చం అలాగే ఉంది. పెళ్లికొడుకు నచ్చక కాదు, తనకి ముందు చెప్పలేదని.

ఇంటికొచ్చి చెబితే, "జాపనీస్ వాళ్లు కూడా అలుగుతారా?" అని మా ఆయన పడీపడీ నవ్వాడు. నవ్వితే నవ్వాడు గానీ, మర్నాటి నుంచి పెళ్లి పిలుపులకి తిరిగినట్టు ఒక్కొక్కరి గదికీ తిరిగాను. కాగితం ముందు పెట్టి, మీరేమంటారని అడిగాను. అడగడమే ఆలస్యం, అందరికీ నోళ్లొచ్చాయి. ఒకాయన అక్షరాలు కాస్త లావు చేయమన్నాడు, ఇంకొకాయన సన్నం చేయమన్నాడు. ఇద్దరికీ సరేనన్నాను. పెద్దాయన తన పాత కుర్చీని తిరగేసి, అడుగున కంపెనీ పేరుతో ఉన్న ఆకుపచ్చ రేకు బిళ్ల చూపించాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాంటివి తనే బిగించేవాడట. దాని పక్కన నా నీలం రంగు వెలవెలబోయింది. ముందే అడగనందుకు నా మీద నాకే ఒళ్లు మండింది, ఆ వెంటనే అసలు రంగు దొరికిందని భలే సంతోషం వేసింది. నీలం తీసేసి ఆ ఆకుపచ్చే వేశాను.

రెండో మీటింగులో డైరెక్టరు లేచేలోపే పెద్దాయన లేచాడు. లోగో తనే చూపించాడు. రంగు ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఎవరెవరు ఏం చెప్పారో పేరుపేరునా చెప్పుకొచ్చాడు. లావు అన్నాయన, సన్నం అన్నాయన ఇద్దరూ ఆ అక్షరాలు తమవేనన్నట్టు తలలాడించారు. "ఏజెన్సీ అక్కర్లేదు. ఇది మనం చేసుకున్నది," అని చెప్పి పెద్దాయన కూర్చున్నాడు.

చప్పట్ల మధ్య డైరెక్టరు నా వైపు వంగి, "నీ పేరు చెప్పనే లేదు," అని నొచ్చుకున్నాడు.

"చెబితే మళ్లీ నా ఒక్కదానిదే అయిపోతుంది," అన్నాను.