తీతువు ఎవరిని చూసి అరిచింది

నా చిన్నప్పుడు తీతువు పిట్ట పేరెత్తితే చాలు, మా ఇంట్లో పెద్దవాళ్ల ముఖాలు మాడిపోయేవి. అది ఏ ఇంటి మీదుగా అరుస్తూ పోతే ఆ ఇంట్లో ఒకరు పోతారని మా వైపు గట్టి నమ్మకం. దాని గొంతు వినబడగానే మా మామ్మ గుప్పెడు ఉప్పు తీసుకెళ్లి పొయ్యిలో వేసేది. ఆ చిటపటలు ఆగేదాకా పిల్లలం కిక్కురుమనకూడదు. అలాంటి ఇంట్లో పెరిగిన నేను ఈ వయసులో, ఈ మోకాళ్ల నొప్పులతో, మెడలో బైనాక్యులర్ వేలాడేసుకుని పిట్టల కోసం ఇసుక దిబ్బలు ఎక్కుతున్నానంటే, ఆ పుణ్యం మా పక్కింటి అక్కది.

మాది బారువకు దగ్గర్లో చిన్న ఊరు. అక్కావాళ్లది బాప్టిస్టు చర్చికి వెళ్లే కుటుంబం. అక్క టెక్కలి కాలేజీలో చదువుతుండేది. ఆ వయసు ఆడపిల్లలకు చీరల మీదో సినిమాల మీదో ఉండే పిచ్చి ఆవిడకు పిట్టల మీద ఉండేది. సెలవొస్తే మమ్మల్ని వెంటేసుకుని బయల్దేరేది. మమ్మల్ని అంటే నన్నూ, మేస్టారి అమ్మాయినీ, పూజారిగారి మనవరాలినీ. ముగ్గురం ఒకే తరగతి, ఒకే బెంచీ. ఒకసారి మహేంద్రగిరి పాదాల దాకా తీసుకెళ్లి అడవికోడిని చూపిస్తానంది. మాకు కనబడింది తోక మాత్రమే. మేస్టారి అమ్మాయి ఆ తోక గురించే బడిలో నెల రోజులు కోతలు కోసింది.

ఎక్కువగా మేం వెళ్లేది మాత్రం సముద్రం ఒడ్డు దిబ్బలకే. సరుగుడు తోటలు దాటాక అంతా ఇసుకే. ఎండాకాలంలో అక్కడ నిలబడితే, పుస్తకంలో చదివిన ఎడారి ఇదే అయివుంటుందని మేం నిజంగానే నమ్మేవాళ్లం. ఉత్తరం వైపు ఏరు సముద్రంలో కలిసే మొగ ఉంది. అక్కడ నీళ్లు పైకి నెమ్మదిగా కనబడతాయి గాని, అడుగున లాగేస్తాయి. మా ఊళ్లో ఒకరిద్దరిని ఆ మొగ మింగింది. అటువైపు వెళ్లకూడదన్నది అక్క పెట్టిన ఒకే ఒక్క షరతు.

ఈ సంగతి జరిగింది శివరాత్రి వెళ్లిన కొత్తల్లో. జీడితోటలు పూత మీదున్నాయి. మంచుకు పూత మాడిపోతుందని రైతులంతా దిగులుగా ఉన్నారు. మేం ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడు తెల్లారింది, మంచు పలచగానే ఉంది. దిబ్బలెక్కేసరికి ఊరు లేదు, తోటలు లేవు, సముద్రం లేదు. హోరు మాత్రం అన్ని వైపుల నుంచీ వస్తోంది. చెయ్యి చాపితే నా వేళ్లే నాకు ఎవరివో అన్నట్టుగా కనిపించాయి. మంచు విడేదాకా కదలొద్దని అక్క మమ్మల్ని ఒకచోట కూర్చోబెట్టింది.

కాసేపటికి పూజారిగారి మనవరాలు ఒంటికి వెళ్లొస్తానని లేచింది. పక్కనే మొగలి పొద, దాని వెనక్కి వెళ్లింది. ఎంతసేపటికీ రాలేదు. అక్క వెళ్లి చూస్తే పొద వెనక ఎవరూ లేరు. వెనక్కి తిరిగేటప్పుడు దిక్కు తప్పి ఎటో నడిచిపోయిందని అర్థమయింది.

అందరం దాని పేరు పెట్టి పిలిచాం. గొంతులు బొంగురుపోయేలా పిలిచాం. మా కేకలు మంచులోకి పోయి, కొంచెం ఆగి, ఇంకో వైపు నుంచి వచ్చినట్టనిపించేది. జవాబు మాత్రం లేదు. ఏటి మొగ ఎంత దూరంలో ఉందో, ఏ వైపు ఉందో కూడా తెలియడం లేదు. దాని మామ్మకు ఏం చెప్పాలా అని నాకు అప్పుడే ఆలోచన మొదలైంది.

సరిగ్గా అప్పుడు తీతువు అరిచింది. ముందు ఒకటి, దాని వెంటనే ఇంకొకటి. గొంతు చించుకుని, ఊపిరి తిప్పుకోకుండా అరుస్తున్నాయి. మేస్టారి అమ్మాయి రెండు చెవులూ మూసుకుని ఇసుకలో కూలబడింది.

"అయిపోనాది అక్కా. తీతువు అరిసేసినాది. అది మరి రాదు."

నేనూ ఏడుపు అందుకున్నాను. అక్క మాత్రం మొదటిసారి తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. నాకు ఆ క్షణాన ఆవిడ మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను.

"ఊరుకోండి. సచ్చినోల్లని సూసి తీతువు అరవదు. ఇసకలో గుడ్లు పెట్టుకుంటాది కదా, అటేపు ఎవులైనా నడిసొత్తే అరుత్తాది. అరుత్తన్నాదంటే అక్కడ మనిసి నడుత్తన్నాది. పిట్ట నోరు మూసేత్తే అప్పుడు ఏడుద్దురు గాని."

మా నోళ్లు మూయించి తల వంచి వింది. అరుపు కాస్త ఆగి మళ్లీ మొదలైంది. ఈసారి ఇంకా దూరంగా, హోరు ఎక్కువగా ఉన్న వైపు. మేం ఒక్క కేక వేశాం. అరుపు మరికొంచెం దూరం జరిగింది. అక్క ముఖం పాలిపోయింది.

"మనం పిలిసే కొద్దీ అది అటే ఎల్లిపోతన్నాది. ఎందుకు?"

అప్పుడు నాకు వాళ్ల మామ్మ మాట గుర్తొచ్చింది. "మంచులో పేరెట్టి పిలిత్తే పలకొద్దని దాని మామ్మ సెప్పిందక్కా. సముద్రంలో పోనోల్లు అలగే పిలుత్తారట." మా పిలుపులకే అది భయపడి పారిపోతోంది. మేం ప్రేమగా పిలిచిన ప్రతి పిలుపూ దాన్ని మొగ వైపు ఒక్కో అడుగు నెట్టింది. ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

అక్క సంచిలోంచి కొబ్బరుండల డబ్బా తీసి, మూత చప్పుడయ్యేలా తెరిచింది. "ఇంక దాని పేరెత్తకండి" అని మా చెవిలో చెప్పి, ఊరందరికీ వినబడేంత గొంతుతో అంది.

"ఓలే, దాని వాటా మీరిద్దరూ తినీయండి. నాకొద్దు."

మేస్టారి అమ్మాయికి ముందు అర్థం కాలేదు. అక్క జబ్బ మీద గిల్లాక, "అయితే రెండూ నాకే" అంది. నీకెందుకే రెండు, మొన్న రేగుపళ్లన్నీ నువ్వే మింగేశావు కదా అని నేను అందుకున్నాను. మొదట నటనే. రెండు మాటలయ్యేసరికి, ఆ వయసు వాళ్లం కదా, పోట్లాట నిజమైపోయింది. కళ్ల వెంట నీళ్లు కారుతుండగానే జుట్లు పట్టుకోబోయాం.

"నావి ముట్టుకుంటే సూడండి మరి."

మంచులోంచి ముందు ఆ గొంతు వచ్చింది, తర్వాత మనిషి వచ్చింది. పరికిణీ మోకాళ్ల దాకా తడిసి కాళ్లకు అంటుకుపోయి ఉంది. అక్క దాన్ని ఒళ్లోకి లాక్కుని చాలాసేపు వదల్లేదు. దయ్యాలు పేరు పెట్టి పిలుస్తాయి గాని తిండి దగ్గర తగువులాడవని దాని లెక్కట. తినడం పూర్తయ్యాక అది మా వైపు చూసి మామూలుగా అడిగింది.

"మీరు ఒక్క ఏపు నుండే పిలిసినారా? నీల్లకాణ్నుంచి కూడా పేరెట్టి పిలిసినారు. అదెవులు?"

మేం నలుగురం ఒకరినొకరం ఆనుకుని, కదలకుండా కూర్చుని ఉన్నాం. అప్పుడు మొగ వైపు తీతువు మళ్లీ అరిచింది. అదే అరుపు, అదే ఆత్రం. అక్క చెప్పినదాన్ని బట్టి చూస్తే అక్కడ ఎవరో నడుస్తున్నారు.

నక్కేమో అని అక్క అనొచ్చు. మమ్మల్ని లాక్కుని పరుగెత్తొచ్చు. ఆవిడా భయపడింది, నా చెయ్యి పట్టుకున్న అరచెయ్యి చెమటతో తడిసిపోయింది. అయినా లేచి నిలబడి, సముద్రం వైపు తిరిగి పిలిచింది.

"ఎవులు బాబూ అక్కడ? ఇటు రండి. దారి ఇటున్నాది."

ఎవరూ రాలేదు. పిట్ట టక్కున ఆగిపోయింది. అది అరిచినప్పటి కంటే ఆగినప్పుడే నాకు ఎక్కువ భయమేసింది. అక్క డబ్బాలో మిగిలిన ఒక్క కొబ్బరుండను ఇసుక మీద పెట్టి, మమ్మల్ని ముందు నడిపించి తను వెనక వచ్చింది. ఎండెక్కి మంచు విడిపోయాక ఊళ్లో అడిగితే, ఆ ఉదయం పడవలేవీ నీళ్లలోకి దిగలేదన్నారు. ఎవరక్కా అది అని నేను దారిలోనే అడిగాను. "నాకేటి తెలుసు? తెలీకపోనా పిలవాల కదా" అంది.

నేను దయ్యాలను నమ్మను. ఆ మొగ దగ్గర తిరిగింది నక్కో కుక్కో అయివుంటుందని మనవలకు చెబుతాను, వాళ్లు నమ్మినట్టు తలూపుతారు. నాకు ధైర్యం కూడా పెద్దగా లేదు. అక్క దగ్గర నేను నేర్చుకున్నది ధైర్యం కాదు. భయమేసినప్పుడు కూడా అవతల ఒకరున్నారేమో అని ముందు పిలిచి చూడడం నేర్చుకున్నాను.

ఆ మధ్య, ఇప్పుడు నేనుంటున్న టెక్కలిలో మా వీధి చివర, ఎవరూ ఉండటం లేదని అందరం అనుకునే ఇంట్లోంచి మిట్టమధ్యాహ్నం ఏడుపు వినబడసాగింది. ఆ ఇంట్లో అంతకు ముందు ఒక చావు జరిగింది. వీధివాళ్లు అటు నడవడమే మానేశారు. మూడో రోజు నేను భయపడుతూనే వెళ్లి ఆ తలుపు ముందు నిలబడ్డాను. ఎవరమ్మా లోపల, ఇటు రండి, దారి ఇటుంది అన్నాను. ఏడుపు ఆగింది. చాలాసేపటికి లోపలి వైపు నుంచి గొళ్లెం తీసిన చప్పుడయింది.